ఆటతుపాకుల గదిలో మా బావగారు

పుచ్చకాయను, మట్టికుండను అందరూ తట్టి విని కొంటారు. మా బావగారు నీళ్ళ కుళాయిని కూడ విని కొనేవారు. ఒకసారి బజారులో సైకిలు పంపు కొనవలసివచ్చి, దాని మూతిని చెవికి ఆనించుకొని ఆయన ఎంతసేపటికీ కదలక నిలబడితే, దుకాణదారుడు హడలిపోయి, "అయ్యా, అది టెలిఫోను కాదండీ!" అన్నాడట. ఈ ముచ్చట మా అక్కయ్య చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆయన నిలబడిన కాలం కొంత పెరుగుతూ వచ్చేది.

ఆ చెవి ఆయనకు వృత్తివల్ల అబ్బింది. ముప్పైయేళ్ళపాటు ఆయన కిరసనాయిలు పంపు స్టౌలు బాగుచేశారు. స్టౌ చంకనబెట్టుకొని వచ్చినవారు మసి గురించి, పొగ గురించి, మండని మంట గురించి, దానివల్ల ఇంట్లో జరిగిన తగాదాల గురించి చెప్పుకొనేవారు. ఆయన అంతా విన్నట్లు తల ఆడించి, పంపు నాలుగుసార్లు కొట్టి, స్టౌను పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు ఎత్తి చెవిదగ్గర పెట్టుకొనేవారు. తరువాత ఒక్క మాట: "లోపలి తోలు వాషరు పోయింది." అంతే. ఆ మాటకు తిరుగుండేది కాదు. కాలక్రమాన ఇంటింటికీ గ్యాసు పొయ్యిలు వచ్చాయి. బావగారు దుకాణంలో కూర్చొని ఈగలు తోలుకొనే దశ వచ్చింది.

అటువంటి రోజులలో ఒకనాటి ఉదయం ఆ దుకాణానికి డ్రిల్లు టీచరమ్మ వచ్చింది. బడిలో వేలమంది పిల్లలచేత పరుగులు తీయించి, ఉద్యోగవిరమణ పొందిన తరువాత కూడ మెడలో ఈల తీయని మనిషి ఆమె. మూతపడిన దారపు మిల్లులో గోదామును, దాని వెనుకనున్న పెరటిని అద్దెకు తీసుకొని, ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట పెట్టింది. ఆ ఆటలో రెండు జట్లవారు చాటునుంచి చాటుకు పరుగెత్తుతూ ఒకరినొకరు ఆటతుపాకులతో కొట్టుకొంటారు. తుపాకులు చూపుకు అసలువాటిలాగే ఉంటాయి గాని, వాటినుండి వచ్చేవి కందిగింజంత ప్లాస్టిక్ గుళ్ళు. ఆ గుళ్ళను తోసేది గ్యాసు. ఆ గ్యాసు పిడిలో దూర్చే మ్యాగజీను అనే చిన్న ఇనుప పెట్టెలో ఉంటుంది. గుళ్ళూ అందులోనే, గ్యాసూ అందులోనే. దాన్ని నింపే మూతి, వదిలే వాల్వు, వాటి చుట్టూ సన్నని రబ్బరు రింగులు: రోగాలన్నీ అక్కడే.

టీచరమ్మ చేతిరుమాలు విప్పి ఒక మ్యాగజీనును బల్లమీద పెట్టింది.

"ఇది రాత్రికి నింపితే తెల్లారేసరికి ఖాళీ అవుతోంది పెద్దాయనా. నలుగురికి చూపించాను. ఎక్కడ పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు."

బావగారు దాన్ని చెవికి ఆనించుకొన్నారు. వీధిలో బండ్లు పోతున్నాయి. ఎదుటి కొట్టులో పిండిమర ఆడుతోంది.

"అడుగున కాదమ్మా. నింపే మూతి దగ్గర, లోపలి రింగు. బయటిది బాగానే ఉంది."

"ఈ గోలలో మీకు వినిపించిందా?"

"గోల దానిది. దీని గొంతు దీనిది."

ఆ రింగు మార్చగానే జబ్బు కుదిరింది. వారం తిరిగేసరికి టీచరమ్మ మళ్ళీ వచ్చి, ఈసారి బల్లమీద ఒక తాళపుచెవిని పెట్టింది.

"మా ఆటసామాను గది మీకు అప్పగిస్తున్నాను. షరతు ఒక్కటే. కారే మ్యాగజీను ఒక్కటి కూడ అల్మారాలోకి పోకూడదు. ఆ పని మీవల్ల కాదనిపించిన రోజున ఇది తెచ్చి నా చేతిలో పెట్టండి. నేను వచ్చి అడిగేదాకా ఉండకండి."

"అడిగించుకునే మనిషిని కాదు లెండమ్మా," అన్నారు బావగారు.

ఆ షరతులోని బిగువు తెలియాలంటే ఆ గ్యాసు స్వభావం కొంత తెలియాలి. అది మన వంటింటి గ్యాసుకు దాయాదే. నిప్పురవ్వ తగిలితే దానిలాగే మండుతుంది. అయితే వంటింటి గ్యాసు కారితే ముక్కు పట్టేస్తుంది, ఆ ఘాటును అందుకోసమే కలుపుతారు. దీనిలో అది కలపరు. పైగా గాలికన్న బరువైనది కాబట్టి, మూసిన అల్మారాలో కారితే ఎగిరిపోక అడుగున చాపలాగా పరచుకొని పడుకొంటుంది. ముక్కుకు అందదు, కంటికి కనబడదు. ఆ గదికి కాపలా అంతా చెవిదే.

నేను అచ్చాఫీసు కొలువు చాలించిన తరువాత, ఇంట్లో కూర్చొని అందరికీ అడ్డుపడడమెందుకని, శని ఆదివారాలు బావగారి వెంట ఆ గదికి పోవడం మొదలుపెట్టాను. ఈనాటికీ కన్ను మూస్తే ఆ గది కనబడుతుంది. పూర్వం మిల్లువారు దారపుకండెలు దాచుకొన్న గది అది. ఉత్తరపు కిటికీ ఒక్కటే. ఎండ ఎన్నడూ లోపలికి రాదు. పైన కప్పుకు పెద్ద దూలాలు. ఎడమగోడకు తుపాకుల అరలు, వాటిమీద పాత కంబళి ముక్కలు. కుడిగోడకు మ్యాగజీనుల అల్మారా. దాని తలుపులకు అడుగుభాగాన బావగారు తమ చేతితో రంధ్రాలు తొలిచారు, కారినది కారినట్లు బయటికి పోవడానికి. గ్యాసు డబ్బాలు ఆ గదిలోనే ఉండేవి కావు. వెనుక వసారాలో, నీడపట్టున, ఇనుపజల్లెడ పెట్టెలో నిలువుగా నిలబడి ఉండేవి. వాటిని పడుకోబెట్టినా, మధ్యాహ్నం కారులో వదిలినా బావగారికి తిక్కరేగేది.

"నిన్ను ఎండలో తలుపులు బిగించి కూర్చోబెడితే ఎట్లా ఉంటుందోయ్?"

"నేను గ్యాసు డబ్బాను కాదు గదా బావా."

"నీలో ఉన్నదీ అదే. కాకపోతే నీకు వత్తిడి తక్కువ."

ఆట ముగిసిన తరువాత ఆ గదిలో జరిగే పని చూడవలసినదే. ముఖానికి కట్టుకొన్న జాలీ కవచం, కళ్ళద్దాలు ఎవరూ గుమ్మం దాటి లోపలికి వచ్చేవరకు తీయకూడదు. "కన్ను పోతే కొత్తది కుట్టడానికి నేను దర్జీని కాను," అనేది టీచరమ్మ. గుమ్మంలో ఇసుక నింపిన డబ్బా ఉండేది. ప్రతివాడూ తుపాకినుండి మ్యాగజీను ఊడదీసి, గుళ్ళు వంపి, గొట్టంలో చిక్కుకొన్న గుండు మిగిలి ఉంటుందేమోనని గుళ్ళు లేని మ్యాగజీనును మళ్ళీ దూర్చి ఆ ఇసుకలోకి ఒకసారి పేల్చి చూపించి, దాన్ని తీసి, మూతికి ఎర్రబిరడా పెట్టి అప్పుడు బావగారి చేతికి ఇవ్వాలి. ఖాళీయే అని నోటితో చెబితే ఆయన చేయి చాచేవారు కాదు. తరువాత సన్నని కడ్డీకి మెత్తని గుడ్డ చుట్టి గొట్టాన్ని లోపలినుండి తుడిచేవారు. ఒక్కసారి వెళ్ళిన గుడ్డ మళ్ళీ రెండవ తుపాకికి పోకూడదు.

నూనె విషయంలో నేను చేసిన ఘనకార్యం ఒకటి ఉన్నది. రబ్బరుకు సిలికాను నూనె తప్ప మరొకటి తగలరాదు. అది అయిపోయిన ఒక శనివారం, ఆయన టీ తాగడానికి పోయిన సమయాన, నూనె నూనెయే గదా అని మా అక్కయ్య కుట్టుమిషను నూనెను పది మ్యాగజీనులకు రెండేసి చుక్కలు వేశాను. వారం తరువాత విప్పి చూస్తే లోపలి రింగులన్నీ ఉబ్బి, నీళ్ళలో నానిన బొబ్బర్లలాగా ఉన్నాయి. బావగారు కోపపడలేదు. ఒక్కొక్క రింగును చిన్న పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టారు. పదీ పెట్టిన తరువాత, "అక్కయ్యకు చూపించు. తమ్ముడు పంట పండించాడని సంతోషిస్తుంది," అన్నారు.

అన్నిటికన్న నాకు వింతగా తోచినది మ్యాగజీనులను పడుకోబెట్టే పద్ధతి. ప్రమాదకరమైనది గనుక పూర్తిగా ఖాళీచేసి దాచడం క్షేమమని ఎవరైనా అనుకొంటారు. బావగారు మాత్రం ప్రతిదానిలోను గుటకెడు గ్యాసు ఉంచేవారు. లోపల కొద్దిపాటి వత్తిడి ఉంటేనే రబ్బరు తన చోట తాను అణగి కూర్చొంటుందట. బొత్తిగా ఖాళీగా ఉంచితే ఎండి, ముడుచుకొని, తరువాత నింపినప్పుడు పగుళ్ళు పట్టి కారుతుందట. "పస్తు పడుకోబెట్టకు, పీకలదాకా పెట్టీ పడుకోబెట్టకు," అనేవారు. నింపేటప్పుడు డబ్బాను తలకిందులు చేసి, మ్యాగజీనును కూడ బోర్లించి, ఒక్క లెక్క పెట్టినంతసేపు నొక్కి వదిలేవారు. ఆ వెంటనే చెవికి ఆనించుకొనేవారు. ఆ క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడేవారు కారు. గుమ్మంలో ఉన్న ఆటగాళ్ళు కూడ నోరు మూసుకొనేవారు. అంత పెద్ద మిల్లులో అంతటి నిశ్శబ్దం, ఒక ముసలాయన చెవికోసం. అది తలచుకొంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

విన్నదానికి ఆయన దారం కట్టేవారు. మిల్లువారు వదిలిపోయిన కండెలు ఆ గదిలో ఇంకా మిగిలి ఉండేవి. బాగున్నదానికి తెల్లదారం కట్టి అల్మారాలో పెట్టేవారు. కారేదానికి ఎర్రదారం కట్టి వసారాలో, ఆరుబయట, రింగు మార్చేవరకు ఉంచేవారు. దారం లేనిది అల్మారా ఎక్కదు.

ఇట్లా పదకొండేళ్ళు గడిచాయి. పన్నెండవ ఏట ఒక విశేషం జరిగింది. ఎర్రదారం అవసరమే లేకపోయింది.

"చూశావటోయ్," అన్నారు బావగారు ఒకనాడు కండెను నా కళ్ళముందు తిప్పుతూ. "ఈ ఏడు మొత్తంమీద ఒక్క మూర ఖర్చు కాలేదు. ఒక్కటీ కారలేదు. సామాను ఎట్లా చూసుకోవాలో అట్లా చూసుకుంటే నూరేళ్ళు ఉంటుంది."

ఆయన ముఖంలోని ఆ వెలుగు చూసి నేను కూడ నమ్మాను. టీచరమ్మ పదిమందికి చెప్పుకొని గర్వపడింది. అయితే ఆ మాటకు మరొక పక్క ఉన్నట్లు కొంతకాలానికి తెలియవచ్చింది. ప్రతి ఆదివారం వచ్చే బ్యాంకు గుమాస్తా ఒకడుండేవాడు. నోటినిండా మాట్లాడే మనిషి. అతడు గుమ్మంలో నిలబడి, "బాబాయ్ గారూ, మీ మ్యాగజీను నన్ను నడివీధిలో నిలబెట్టేసింది. పది గుళ్ళకే తుస్సుమంది. అవతలివాడు నన్ను పిట్టను కొట్టినట్టు కొట్టాడు," అన్నాడు.

"చలికాలం నాయనా. చలికి గ్యాసు ముడుచుకుంటుంది. చేతిలో కాసేపు వెచ్చబెట్టుకో."

"వెచ్చబెట్టాను బాబాయ్. మా ఆవిడ చెయ్యి కూడ ఇంతసేపు పట్టుకోలేదు నేను."

"అదే నువ్వు చేస్తున్న తప్పు," అన్నారు బావగారు. అందరూ నవ్వారు.

నేను కూడ నవ్వాను. కాని ఆ సాయంకాలం అల్మారాలోనికి మ్యాగజీనులు అందిస్తూ ఉంటే, తెల్లదారం కట్టిన ఒకటి నా వేళ్ళకు చల్లగా తగిలింది. దాని వాల్వుదగ్గర సన్నని చెమట పట్టి ఉన్నది. కారే గ్యాసు లోహాన్ని చల్లబరుస్తుంది, చల్లబడినచోట గాలిలోని తేమ అట్లా పూస్తుంది. ఈ సంగతి నాకు నేర్పినది బావగారే. దాన్ని చెవిదగ్గర పెట్టుకొన్నాను. సన్నగా, నిదురలో పామువలె, అది బుసకొడుతోంది.

ఆయన చెవి పోయిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మాటలు వినిపించేవి. నవ్వులు వినిపించేవి. అందువల్లనే ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకు అసలే రాలేదు. పోయినది ఆ సన్నని పైస్వరం ఒక్కటే. అది పోయినవానికి పోయినట్లు తెలియదు. లోకమంతా బాగుపడినట్లుంటుంది.

చెప్పవలసినది. చెప్పలేదు. చెబితే ఆయన ఆ రోజే తాళపుచెవి తీసి టీచరమ్మ చేతిలో పెట్టేస్తారని నాకు తెలుసు. ఆ గది లేని బావగారిని ఊహించుకోలేకపోయాను. ఆ మ్యాగజీనును జేబులో వేసుకొని, వసారాలో కూర్చొని రింగు మార్చాను. అది మొదలు రెండు నెలలు అదే పని. ఆయన తెల్లదారం కట్టినవన్నీ, ఆయన చేతులు కడుక్కోవడానికి పోయిన సమయాన, ఒక్కొక్కటిగా మళ్ళీ వినేవాణ్ణి. ఉపకారం చేస్తున్నాననుకొన్నాను. ఒక వారం నాకు జలుబుచేసి రాలేకపోయినప్పుడు ఆ అల్మారాలో ఏమేమి పడుకొన్నదో, అది మాత్రం ఆలోచించలేదు.

ఆ తరువాతి ఆదివారం ఉదయం జట్లు సిద్ధమవుతున్నాయి. గుమ్మంలో గుమాస్తా ఉన్నాడు. అతని వెనుక మరి నలుగురు. టీచరమ్మ ఒక కవచానికి పట్టీ సరిచేస్తోంది. బావగారు ఒక మ్యాగజీనును నింపి, చెవికి ఆనించుకొన్నారు. అలవాటుకొద్దీ అందరూ నిశ్శబ్దమయ్యారు.

ఆ నిశ్శబ్దంలో మ్యాగజీను కారుతున్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. సన్నగా కాదు. స్పష్టంగా, గుమ్మందాకా.

బావగారు కళ్ళు సగం మూసుకొని విన్నారు. తెల్లదారం తీసి ముడివేశారు.

"నిక్షేపంలా ఉంది. తీసుకో నాయనా."

గుమాస్తా అనేవాడు నోరు మూసుకొన్న సందర్భాన్ని నేను అదొక్కటే చూశాను. అతడు రెండు చేతులూ చాచి ఆ మ్యాగజీనును అందుకొని, "సరే బాబాయ్ గారూ," అన్నాడు, చాలా మెల్లగా, చాలా మర్యాదగా. వెనుకనున్నవారు నేలచూపులు చూశారు. టీచరమ్మ నావైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం కన్న ప్రశ్న ఎక్కువ. నన్ను బయటికి రమ్మని, "మీకు ఇంతకుముందే తెలుసా?" అని అడిగింది.

నా చూపు నేను రింగులు మార్చే వసారావైపు పోయింది.

"తెలుసన్నమాట. మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

"ఆట మొదలుకాకముందే చెప్పండి. అప్పటిదాకా ఈల వెయ్యను."

బావగారిని వెనుక వసారా మెట్టుమీదికి పిలిచాను. ఇద్దరం కూర్చొన్నాం. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. చిన్నప్పుడు ఆయన పెళ్ళికొడుకై మా ఇంటికి వచ్చినప్పుడు, ఆయన చెప్పు దాచి ఎక్కడ పెట్టానో చెప్పలేక ఏడ్చాను. ఇప్పుడూ అదే వరస.

ఆయనే మాట కలిపారు. "ఈ ఏడు పిచ్చుకలు రాలేదు, గమనించావా? నీళ్ళు కూడ పెడుతున్నాను. ఎటు పోయాయో పాపం."

మా తలలపైన, వసారా దూలంమీద, నాలుగు పిచ్చుకలు ఒక గడ్డిపోచకోసం పోట్లాడుకొంటున్నాయి. చెవులు చిల్లులుపడేటట్లు అరుస్తున్నాయి.

"బావా," అన్నాను, "ఒక్కసారి పైకి చూడండి."

ఆయన తల ఎత్తారు. ఒక పిచ్చుక ముక్కు తెరిచి, మూసి, తెరిచింది. మెడ ఉబ్బించింది. రెండవది దానిమీదికి దూకింది. బావగారు చాలాసేపు చూశారు. ఒకసారి చెవిలో వేలుపెట్టి కదిలించుకొని మళ్ళీ చూశారు. అవి ఎగిరిపోయిన తరువాత కూడ ఆ ఖాళీ దూలాన్ని చూస్తూనే ఉన్నారు.

"ఇందాక నేనిచ్చింది?"

"కారుతోంది బావా."

"అందరికీ వినిపించిందా?"

"వినిపించింది."

"ఎన్నాళ్ళనుంచి?"

"నాకు తెలిసి రెండు నెలలు. అంతకుముందు సంగతి తెలియదు. నేను మళ్ళీ చూసి రింగులు మారుస్తూనే ఉన్నాను. మీకు తెలిస్తే బాధపడతారని..."

ఆయన నావైపు తిరిగారు. యాభై ఏళ్ళ బంధుత్వంలో ఆ ముఖం నేను చూసి ఎరుగను.

"నువ్వు రాని వారం ఎవరు మార్చారు?"

ఆయనే మళ్ళీ అందుకొన్నారు.

"నా పరువు కాపాడావనుకుంటున్నావు. పిల్లలు కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఒళ్ళు కాపాడుకుని ఆడుకుంటున్నారు. వాళ్ళు వారం వారం వచ్చి నిలబడే గదిలో నువ్వు గ్యాసు దాచిపెట్టావు. నేను కాదోయ్, నువ్వు. నాకు తెలియదు. నీకు తెలుసు."

ఆ మాట నన్ను తాకవలసినచోట తాకింది. ఇన్నేళ్ళ తరువాత కూడ అది అక్కడే ఉన్నది.

ఆయన లేచి లోపలికి పోయారు. గుమాస్తా చేతిలోని మ్యాగజీనును తీసుకొని, దారం తెంపేశారు. తరువాత అల్మారా తలుపులు రెండూ బార్లా తెరిచి, కిటికీ తెరిచి, లైటు స్విచ్చు ఎవరినీ ముట్టుకోవద్దని చెప్పి, ఒక్కొక్క అరనూ తీసి పెరటిలోకి మోయించారు. నీడపట్టున బల్లలమీద మ్యాగజీనులన్నీ పరిపించారు. అప్పుడు ఆటగాళ్ళందరిని పిలిచారు.

"ఇవాళ ఆట లేదు. కారణం నేను. నా చెవి పోయింది. పోయిన సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఈ ఏడు ఒక్కటీ కారలేదని మీ అందరితో గొప్పలు చెప్పాను. కారాయి. నాకు వినపడలేదు. చలికాలం మీద, మీ చేతులమీద తోసేశాను. తప్పు నాది."

"అయ్యో బాబాయ్ గారూ, దానికేముంది..." అన్నాడు గుమాస్తా.

"నువ్వు ఇందాక సరే అన్నావు చూడు, అది మంచితనమే. కాని మళ్ళీ ఎప్పుడూ చెయ్యకు. తుపాకి దగ్గర మొహమాటం పనికిరాదు."

తరువాత మొలతాడునుంచి తాళపుచెవి విప్పి, టీచరమ్మ ముందు నిలబడి ఆమె చేతిలో పెట్టారు. వద్దంటుందని నేను లోలోపల ఆశపడ్డాను. ఆమె వద్దనలేదు. అందుకొని, కళ్ళు తుడుచుకొని, గుప్పిట మూసింది. ఆమె అటువంటి మనిషి. ఆయనకు ఆమెమీద గౌరవం ఉన్నదీ అందుకే.

తరువాతి వారం మా అక్కయ్య ఇంట్లో ఊడని వస్తువంటూ మిగలలేదు. బావగారు ఇస్త్రీపెట్టె విప్పారు, గోడగడియారం విప్పారు, బాగా ఉన్న కుళాయి విప్పారు. ఏదీ చెవికి ఆనించుకోలేదు. భోజనం దగ్గర మాట లేదు. నాతో అసలే లేదు. నాలుగవ రోజున అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఇంట్లో ఇంక విప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అసలేం జరిగిందో సరిగ్గా చెప్పు."

చెప్పాను. ఆమె అంతా విని, చివరికి, "ఇంతేనా?" అన్నది.

"ఇంతేనా ఏమిటి అక్కయ్యా? ఆయన చెవి..."

"మీ బావగారి చెవి నాకెప్పుడు ఖాళీ దొరికింది గనక? సిలిండరు మార్చిన ప్రతిసారీ ఆయన దుకాణంలో ఉండేవారు. నేను సబ్బునీళ్ళు కలిపి, నురుగు తీసి, మూతిచుట్టూ రాస్తాను. కారితే బుడగ లేస్తుంది. లేవకపోతే అన్నం వండుతాను. ఇన్నేళ్ళూ బతికే ఉన్నాం గదా!"

అచ్చాఫీసులో జీవితమంతా తప్పులు వెతికిన వాణ్ణి. ఇంటివాకిట ఉన్న ఈ సంగతి తోచలేదు.

మర్నాడు ఉదయం అక్కయ్య ఒక గిన్నె, గెడ్డం గీసుకొనే కుంచె, సబ్బుముక్క తీసుకొని టీచరమ్మ దగ్గరికి పోయింది. వెంట నేను, నా వెనుక పది అడుగుల దూరాన, ఊరికే అటు వాహ్యాళికి వచ్చినట్లు బావగారు. పెరటి బల్లమీద అక్కయ్య ఒక్కొక్క మ్యాగజీనుకూ వాల్వుమీద, నింపే మూతిమీద నురుగు పూసింది. మూడవదానిమీద చిన్న బుడగ లేచి, పెరిగి, పగిలి, మళ్ళీ లేచింది. బావగారు ఆ పది అడుగులూ ఎప్పుడు దాటి వచ్చారో తెలియదు. ఆమె భుజంమీదినుంచి వంగి చూస్తున్నారు.

"ఇట్లా తడిపి వదిలేస్తే తుప్పు పడుతుంది," అన్నారు.

"వదిలెయ్యమని ఎవరన్నారు? తుడిచి ఇవ్వడానికే మీరున్నారు."

"తుడిచినా లోపల చెమ్మ ఉంటుంది. బాగా ఆరబెట్టి, ఒక్క చుక్క సిలికాను నూనె వెయ్యాలి. నువ్వు కుట్టుమిషను నూనె తెచ్చావేమో, మీ ఇంటి ఆనవాయితీ గదా."

అవి ఆయన నన్నుద్దేశించి నాలుగు రోజుల తరువాత పలికిన మొదటి మాటలు. నాకు ఎంత చల్లగా తాకాయో చెప్పలేను.

టీచరమ్మ చేతులు కట్టుకొని అంతా చూసింది. "సరే. పెద్దాయన బాగుచేస్తారు. మీరు నురుగు పెట్టి చూస్తారు. ఇద్దరూ సరే అంటేనే అది అల్మారా ఎక్కుతుంది. కాని తాళంచెవి ఆయనకు ఇవ్వను. ఒకసారి తిరిగి ఇచ్చినది ఇచ్చినట్టే."

"నేను అడగలేదు గదమ్మా," అన్నారు బావగారు.

"అందుకే ఆవిడకిస్తున్నాను."

అక్కయ్య దాన్ని కొంగున ముడివేసుకొన్నది.

ఆ తరువాత ఆరేళ్ళు ఆ మిల్లు అమ్ముడుపోయేవరకు ఆ ఏర్పాటు అట్లాగే సాగింది. ఎర్రదారం అవసరమవుతూనే వచ్చింది. నెలకు రెండు మూడుసార్లయినా. మ్యాగజీను చేతిలోకి తీసుకోగానే బావగారి చేయి తెలియకుండానే చెవిదాకా పోయి, మధ్యలో ఆగి, అక్కయ్యవైపు చాచుకొనేది. ఆ సగం ప్రయాణం చూసినప్పుడల్లా నేను కిటికీవైపు ముఖం తిప్పుకొనేవాణ్ణి.

వాళ్ళ ఇంటినుంచి ముగ్గురం కలిసి బయలుదేరవచ్చు. బావగారు అట్లా ఎన్నడూ రాలేదు. అరగంట ముందే పోయి, మూసిన తలుపు ముందు నిలబడి ఉండేవారు. మేము చేరుకొనేసరికి ఆటగాళ్ళు కూడ కొందరు అక్కడే ఉండేవారు.

"ఏమిటే ఇంత ఆలస్యం? నలుగురూ నిలబడ్డారు."

"మీరు ముందొచ్చి నా మీద ఆలస్యమంటే ఎట్లా? జరగండి, తియ్యనివ్వండి."

"ఆ ముడి విప్పేసరికి పొద్దు గూకుతుంది. ఇటివ్వు, నేను తీస్తాను."

"ఇవ్వను," అనేది మా అక్కయ్య, కొంగు వెనక్కు లాక్కొని. "టీచరమ్మకు మాటిచ్చాను."

బావగారు ఒక అడుగు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చేవారు.